పోర్ట్ బ్లెయిర్ నుంచి దిగ్లీపూర్ దాకా: అండమాన్ అడవి దారిలో రోడ్డు ప్రయాణానికి సమగ్ర మార్గదర్శి

హైదరాబాద్ నుంచి అండమాన్ వెళ్లి వచ్చినవారిలో ఎక్కువమంది పోర్ట్ బ్లెయిర్, హావ్‌లాక్, నీల్ దీవులతో సరిపెట్టుకుంటారు. రెండోసారి వెళ్లాలనుకునేవారు మాత్రం తరచుగా ఒకే ప్రశ్న అడుగుతున్నారు: దక్షిణ అండమాన్ నుంచి ఉత్తర అండమాన్ కొసన ఉన్న దిగ్లీపూర్ దాకా, అడవుల మీదుగా, రోడ్డు మార్గంలో వెళ్లాలంటే ఏర్పాట్లు ఎలా చేసుకోవాలి? ఈ వ్యాసం వారి కోసమే.

దారి పేరు అండమాన్ ట్రంక్ రోడ్, అంటే జాతీయ రహదారి 4. పొడవు సుమారు 330 కిలోమీటర్లు. హైదరాబాద్–విజయవాడ రహదారి అలవాటైనవారికి ఇది ఒక పూట ప్రయాణంగా అనిపిస్తుంది కానీ, బస్సులో ఒక్క ఊపున వెళ్లినా పది నుంచి పన్నెండు గంటలు పడుతుంది. ఈ దారిలో మీ వేగాన్ని నాలుగు విషయాలు నిర్ణయిస్తాయి: పోలీసు కాన్వాయ్ (రిజర్వు అడవిలో పోలీసుల రక్షణతో వాహనాలు వరుసగా వెళ్లే పద్ధతి) సమయం, జలసంధి దగ్గర రేవు, సముద్రపు ఆటుపోట్లు, తొందరగా కమ్ముకునే చీకటి. ఈ నాలుగింటినీ ముందు కాగితం మీద పెట్టుకుని, ఆ తరువాతే హోటళ్లు, చూడవలసిన చోట్లు రాసుకోవాలి. చాలామంది దీనికి సరిగ్గా తలకిందులుగా చేస్తారు.

1. కాలం, రోజులు నిర్ణయించుకోవడం

జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఉన్న పొడి కాలమే ఈ ప్రయాణానికి తగినది. నైరుతి రుతుపవనాలు దేశంలో అన్ని చోట్లకంటే ముందు, మే మూడో వారం ప్రాంతంలో, అండమాన్‌ను తాకుతాయి. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా బంగాళాఖాతంలో వాయుగుండాల భయం ఉంటుంది. వానాకాలంలో కొండదారులు జారుతాయి, చిన్న పడవలు నిలిచిపోతాయి, జలగలు పెరుగుతాయి. దసరా సెలవులకు వెళ్లవచ్చా అని అడిగేవారికి నా సమాధానం వద్దనే. సంక్రాంతి తరువాత వెళ్లడం మేలు.

సముద్రపు తాబేళ్లు గుడ్లు పెట్టడం చూడాలనుకుంటే డిసెంబర్–ఫిబ్రవరి మధ్య ప్రయత్నించాలి. దిగ్లీపూర్ దగ్గరి శాడిల్ పీక్ శిఖరం ఎక్కడం ముఖ్యమనుకుంటే జనవరి, ఫిబ్రవరి నెలలు మంచివి. ఏప్రిల్‌లో ఉక్కపోత మనిషిని సగం దారిలోనే కూలబెడుతుంది.

రోజుల విషయానికొస్తే, రానుపోను విమాన ప్రయాణాలతో కలిపి తొమ్మిది లేదా పది రోజులు ఉంచుకోవాలి. ఆరు రోజులే సెలవు దొరికితే ఉత్తరం వైపు వెళ్లకపోవడమే మంచిది, ఎందుకంటే అందులో సగం వాహనంలోనే గడిచిపోతుంది.

ఇక చీకటి సంగతి. అండమాన్ హైదరాబాద్‌కు పద్నాలుగు డిగ్రీలకు పైగా తూర్పున ఉంది, గడియారం మాత్రం ఒకటే. అందువల్ల అక్కడ సూర్యుడు దాదాపు గంట ముందు ఉదయించి గంట ముందే అస్తమిస్తాడు. జనవరిలో సాయంత్రం అయిదుంబావుకే సూర్యాస్తమయం అవుతుంది. ‘టిఫిన్ చేసి తొమ్మిదికి బయలుదేరదాం’ అనే అలవాటును శంషాబాద్‌లోనే వదిలిపెట్టాలి. తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి, సాయంత్రం నాలుగుకల్లా బస చేరే విధంగా ప్రతి రోజునూ అమర్చుకోండి.

2. హైదరాబాద్‌లోనే ముగించవలసిన పనులు

భారతీయులకు అండమాన్ వెళ్లడానికి ప్రత్యేక అనుమతి అక్కరలేదు. అయితే ఆదిమ తెగల రిజర్వు ప్రాంతాల్లోకి ప్రవేశం నిషిద్ధం. జాతీయ ఉద్యానాలకు, కొన్ని దీవులకు అటవీ శాఖ అనుమతి అక్కడికి వెళ్లాక తీసుకోవాలి. ప్రతి చోటా గుర్తింపు కార్డు నకలు అడుగుతారు కాబట్టి ఒక్కొక్కరికి అరడజను జిరాక్సులు ముందే తీయించుకోండి. ఫోన్‌లో ఉన్న కార్డు చూపిస్తే చాలుననుకోవద్దు.

విమానం విషయంలో, హైదరాబాద్ నుంచి నేరుగా వెళ్లే సర్వీసు ఉన్న తేదీని ఎంచుకోవడం మంచిది. లేకుంటే చెన్నై లేదా కోల్‌కతా మీదుగా వెళ్లాలి. మధ్యలో విమానం మారవలసి వస్తే, పోర్ట్ బ్లెయిర్‌కు మధ్యాహ్నంలోపు దిగేలా చూసుకోండి. మొదటి రోజు అక్కడ కార్యాలయాల పని ఉంటుంది.

శరీరాన్ని సిద్ధం చేసుకోవడానికి కనీసం ఆరు వారాలు కేటాయించాలి. కేబీఆర్ పార్కులో చదును దారిలో నడవడం మంచి మొదలే గానీ చాలదు. వారానికి రెండుసార్లు మౌలాలి గుట్ట మెట్లో, గోల్కొండ కోట బాలా హిస్సార్ దాకా మెట్లో ఎక్కి దిగండి. నెలలో రెండు ఆదివారాలు వికారాబాద్ దగ్గరి అనంతగిరి అడవిలో, వీపున అయిదు కిలోల సంచితో, మూడు నాలుగు గంటలు నడవండి. యాత్రలో వేసుకోబోయే బూట్లనే ఈ నడకల్లో వాడండి. కొత్త బూట్లతో శాడిల్ పీక్ ఎక్కినవారు దిగేటప్పుడు చెప్పులు అరువు అడుగుతారు.

సామానులో ఇవి తప్పనిసరి:

- నీరు చొరని సంచి. ప్రత్యేకంగా కొనలేకపోతే బేగంబజార్‌లో దొరికే మందపాటి పాలిథిన్ సంచులను రెండు పొరలుగా వాడినా సరిపోతుంది. వాటిని అక్కడ పారేయకుండా వెనక్కి తీసుకురావాలి.
- తలకు కట్టుకునే టార్చి, అదనపు సెల్స్. తాబేళ్ల తీరానికి ఎర్ర వెలుతురు ఉన్నదైతే మరీ మంచిది.
- పొడుగు చేతుల పలుచని చొక్కాలు, త్వరగా ఆరే ప్యాంట్లు. జీన్స్ ఒకసారి తడిస్తే ఆ తేమలో రెండు రోజులైనా ఆరదు.
- మోకాలి దాకా వచ్చే మందపాటి మేజోళ్లు.
- ఓఆర్‌ఎస్ పొట్లాలు, వాంతులు ఆగే మాత్రలు, యాంటీసెప్టిక్, దురద తగ్గించే పూత మందు, రోజూ వాడే మందులు పూర్తి యాత్రకు సరిపడా.
- దోమల మందు, దోమతెర.
- పవర్ బ్యాంకు. దీన్ని చేతి సంచిలోనే పెట్టాలి.

క్యాంపింగ్ గ్యాస్ డబ్బాలను విమానంలో ఏ సంచిలోనూ అనుమతించరు, కాబట్టి అక్కడ వండుకునే ఆలోచన మానుకోండి. ఆవకాయ లేనిదే ముద్ద దిగనివారు సీసాను గట్టిగా మూత బిగించి, లగేజీలో వేయాలి. చేతి సంచిలో ఉంటే భద్రతా తనిఖీ దగ్గరే దానికి వీడ్కోలు చెప్పవలసి రావచ్చు.

3. ఏ వాహనంలో వెళ్లాలి

మూడు మార్గాలున్నాయి.

మొదటిది డ్రైవరుతో కూడిన అద్దె కారు. నలుగురు కలిసి వెళ్తే ఇదే సౌకర్యం. కాన్వాయ్ పద్ధతి, రేవుల క్యూలు, బాగాలేని రోడ్డు ముక్కలు స్థానిక డ్రైవర్లకు తెలిసినంతగా మనకు తెలియవు. మాట్లాడుకునేటప్పుడు డ్రైవరు బస, భోజనం, రేవు రుసుము, ఖాళీగా తిరిగి వచ్చే ఖర్చు కలిపిన మొత్తాన్ని కాగితం మీద రాయించుకోండి. నేల నుంచి ఎత్తుగా ఉన్న వాహనాన్ని అడగండి.

రెండోది ప్రభుత్వ బస్సు. పోర్ట్ బ్లెయిర్ మోహన్‌పుర బస్టాండ్ నుంచి తెల్లవారకముందే బయలుదేరుతుంది. ఒంటరిగా వెళ్లేవారికి, ఖర్చు తగ్గించుకోవాలనుకునేవారికి అనుకూలం. దారిలో మనకు నచ్చిన చోట దిగి చూసే వీలు ఉండదు కాబట్టి రంగత్, మాయాబందర్, దిగ్లీపూర్‌లలో ఆగి అక్కడ ఆటోలు మాట్లాడుకోవాలి.

మూడోది ఓడ. ప్రభుత్వ నౌకలు పోర్ట్ బ్లెయిర్ నుంచి రంగత్, మాయాబందర్, దిగ్లీపూర్ వైపు వెళ్తాయి. వీటి సమయాలు కొద్ది రోజుల ముందే తెలుస్తాయి, వాతావరణం బాగాలేకపోతే రద్దవుతాయి.

వెళ్లేటప్పుడు రోడ్డు, వచ్చేటప్పుడు వీలైతే ఓడ, అది దొరకకపోతే బస్సు: నేను సూచించే క్రమం ఇది. దీనివల్ల రెండు లాభాలు. ఒకటి, అదే దారిలో మళ్లీ పన్నెండు గంటలు కూర్చునే బాధ తప్పుతుంది. రెండోది ఇంకా ముఖ్యమైనది: జరావా అనే ఆదిమ తెగవారి రిజర్వు గుండా మీరు వెళ్లే సార్లు సగానికి తగ్గుతాయి. ఆ సంగతి అయిదో అంచెలో.

బైక్ మీద వెళ్లాలనుకునే యువకులు చాలామంది ఉన్నారు. రిజర్వు భాగంలో మీ బండిని అనుమతిస్తారో లేదో పోలీసుల వద్ద తేల్చుకోకుండా అద్దెకు తీసుకోవద్దు. అద్దె దుకాణం వాళ్ల మాట దీనికి చాలదు. మాయాబందర్‌లోనో దిగ్లీపూర్‌లోనో అక్కడికక్కడే స్కూటర్ దొరుకుతుందేమో అడగడం తేలిక.

4. పోర్ట్ బ్లెయిర్‌లో మొదటి రోజు

నగరం పేరు 2024లో శ్రీ విజయపురంగా మారింది. టికెట్ మీద కొత్త పేరు, ఆటో డ్రైవరు నోట పాత పేరు వినిపిస్తే కంగారు పడవద్దు.

ఈ రోజు సెల్యులార్ జైలు చూడటానికి కాదు, దాన్ని చివరి రోజుకు ఉంచుకోండి. ఈ క్రమంలో పనులు చేయండి:

- డ్రైవరును కలిసి మరుసటి రోజు ఏ కాన్వాయ్‌లో వెళ్లాలో నిర్ణయించుకోవాలి. సమయాలు మారుతుంటాయి కనుక ముందు రోజు సాయంత్రం మళ్లీ అడగాలి.
- ఫీనిక్స్ బే జెట్టీ దగ్గర తిరుగు ఓడ గురించి విచారించాలి.
- ఏటీఎం నుంచి యాత్రకు సరిపడా నగదు తీసుకోవాలి. చెన్నై నుంచి సముద్రగర్భ కేబుల్ 2020లో వచ్చాక పోర్ట్ బ్లెయిర్‌లో ఇంటర్నెట్ బాగుపడింది గానీ, ఉత్తరాన సిగ్నల్ పోయిన చోట యూపీఐ పనిచేయదు.
- మొత్తం దారి మ్యాపును ఆఫ్‌లైన్‌లో దించుకోవాలి.
- ఆ వారం ఆటుపోట్ల పట్టికను ఫోన్‌లో ఫొటో తీసి ఉంచుకోవాలి.
- కడుపునిండా తిని తొమ్మిదికల్లా పడుకోవాలి.

భాష సమస్య కాదు. హిందీ అందరికీ వచ్చు. పోర్ట్ బ్లెయిర్‌లో ఉత్తరాంధ్ర నుంచి వెళ్లి స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. చేపల బజారులో శ్రీకాకుళం యాస వినిపిస్తే ఆశ్చర్యపడకండి. దారి, వాతావరణం గురించి హోటల్ వాళ్లకంటే వారే సరైన సమాచారం ఇస్తారు.

5. జిర్కాటాంగ్ కాన్వాయ్: ఈ ప్రయాణంలో అత్యంత జాగ్రత్త అవసరమైన అంచె

పోర్ట్ బ్లెయిర్ నుంచి సుమారు 50 కిలోమీటర్ల దూరంలో జిర్కాటాంగ్ చెక్‌పోస్టు ఉంది. అక్కడి నుంచి మిడిల్ స్ట్రెయిట్ రేవు దాకా మరో 50 కిలోమీటర్లు జరావా తెగవారి రిజర్వు అడవి. రోజులో నిర్ణీత సమయాల్లో మాత్రమే, పోలీసుల రక్షణలో, వాహనాలన్నీ వరుసగా కదులుతాయి. గేటు మూసేస్తే తరువాతి కాన్వాయ్ దాకా అక్కడే కూర్చోవాలి.

మొదటి కాన్వాయ్‌ను పట్టుకోవాలంటే నగరం నుంచి తెల్లవారుజామున మూడు, మూడున్నర మధ్య బయలుదేరాలి. చెక్‌పోస్టు దగ్గర ప్రయాణికుల పేర్లు, గుర్తింపు కార్డు వివరాలతో ఫారం నింపి ఇవ్వాలి. దాన్ని ముందు రాత్రే నింపి ఉంచమని డ్రైవరుకు చెప్పండి. టీ, ఇడ్లీ, సమోసా వంటివి అక్కడి చిన్న దుకాణాల్లో దొరుకుతాయి. మరుగుదొడ్డి పని అక్కడే ముగించుకోవాలి, ఎందుకంటే ఆ తరువాత గంటన్నర దాకా వాహనం ఆగదు.

గేటు దాటాక పాటించవలసినవి:

- ఫోన్, కెమెరా సంచిలో పెట్టి జిప్ వేయాలి. కిటికీలోంచి అడవిని తీస్తున్నానన్న సాకు కూడా చెల్లదు.
- వాహనం ఆపకూడదు, ముందు వాహనాన్ని దాటకూడదు.
- ఎవరైనా కనిపిస్తే చేతులు ఊపడం, పిలవడం, తినుబండారాలు విసరడం చేయకూడదు.
- కిటికీలోంచి ఏ వస్తువూ బయట పడేయకూడదు.

ఆదిమ తెగల రక్షణ కోసం 1956లో చేసిన నిబంధనలను 2012లో సవరించి శిక్షలను కఠినం చేశారు. ఫొటో తీసినా జైలుశిక్ష పడవచ్చు. శిక్ష భయం ఒక్కటే కారణం కాదు. కొన్ని వందలమంది మాత్రమే ఉన్న ఆ సమాజానికి మన జలుబు, పొంగు వంటి జబ్బులే ప్రాణాంతకం కాగలవు. రిజర్వు గుండా వెళ్లే ఈ రోడ్డు భాగాన్ని మూసేయమని సుప్రీంకోర్టు 2002లోనే ఆదేశించింది. అయినా రోడ్డు నడుస్తూనే ఉంది.

అందుకే ఒక మాట గట్టిగా చెప్పవలసి ఉంది. ‘జరావాలను చూపిస్తాం’ అని ఆశపెట్టే ఏజెంటు దొరికితే ఆ బుకింగ్ వెంటనే రద్దు చేసుకోండి. పోర్ట్ బ్లెయిర్ నుంచి పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగి వచ్చే ఒక్కరోజు బారాటాంగ్ దీవి యాత్రను కూడా నేను సిఫారసు చేయను. అందులో రిజర్వును ఒకే రోజు రెండుసార్లు దాటుతారు, అక్కడి సున్నపురాయి గుహల దగ్గర గంటసేపు మాత్రమే గడుపుతారు.

6. బారాటాంగ్: సున్నపురాయి గుహలు, మడ అడవి

మిడిల్ స్ట్రెయిట్ వద్ద రేవు దాటితే నిలంబూర్ జెట్టీ వస్తుంది. పడవ వచ్చీ రాగానే అందరూ గుహల టికెట్ల కోసం పరుగెత్తుతారు. మీరు ఆ రాత్రి బారాటాంగ్‌లోనో రంగత్‌లోనో ఉంటున్నారు కనుక తొందర అవసరం లేదు; ఒక్కరోజు పర్యాటకులు తిరిగి వెళ్లిపోయే దాకా ఆగినా, ఆ రోజు చివరి పడవ ఎప్పుడో ముందే అడిగి పెట్టుకోండి. గుహలకు వారంలో సెలవు దినం ఉందేమో కూడా పోర్ట్ బ్లెయిర్‌లోనే కనుక్కోవాలి.

జెట్టీలో అటవీ శాఖ అనుమతి తీసుకుని స్పీడ్ బోటు ఎక్కాలి. మడ అడవి మధ్య పాయలో అరగంటలోపు ప్రయాణం, ఆ తరువాత పొలాల గట్ల మీద సుమారు కిలోమీటరున్నర నడక. లైఫ్ జాకెట్ బకిల్స్ అన్నీ బిగించుకోండి. పాయలో చేయి నీటిలో ముంచవద్దు. అవి ఉప్పునీటి మొసళ్లు తిరిగే నీళ్లు. గుహలో సున్నపు నిర్మాణాలను ముట్టుకోకూడదు, చేతి జిడ్డు తగిలితే వాటి పెరుగుదల ఆగిపోతుంది.

బురద అగ్నిపర్వతం చూడటానికి పదినిమిషాలు చాలు. బుడగలు వచ్చే చిన్న బురద దిబ్బ అది; నిప్పులు కక్కే కొండను ఊహించుకుని వెళ్తే నిరాశే.

7. రంగత్, మాయాబందర్

బారాటాంగ్ ఉత్తరపు కొసన హంఫ్రీ జలసంధిని దాటితే మధ్య అండమాన్ మొదలవుతుంది. రిజర్వు సరిహద్దు ఇక్కడ కూడా పడమటి వైపున సాగుతుంది, కాబట్టి డ్రైవరు చెప్పేదాకా కెమెరా బయటకు తీయవద్దు.

రంగత్‌లో ఒక రోజు చాలు. ఉదయం ధనీనల్లా మడ అడవిలో చెక్కవంతెన మీద నడవండి. అది తీరం దాకా తీసుకెళ్తుంది. ఆ తరువాత ఆమ్‌కుంజ్ తీరం. తాబేళ్ల కాలమైతే సాయంత్రం కత్‌బర్ట్ బే దగ్గర అటవీ సిబ్బందిని కలిసి, రాత్రి గస్తీకి వెంట రానిస్తారేమో అడగండి. అనుమతి ఇస్తే తెల్ల టార్చి వేయకూడదు, ఫ్లాష్ వాడకూడదు, తాబేలు ముందు వైపు నిలబడకూడదు. వెలుతురు చూస్తే అది గుడ్లు పెట్టకుండానే సముద్రంలోకి తిరిగిపోతుంది.

రంగత్ నుంచి మాయాబందర్ సుమారు 70 కిలోమీటర్లు. ఇక్కడ కర్మటాంగ్ తీరం ఉంది. 1925 ప్రాంతంలో బర్మా నుంచి వచ్చి స్థిరపడిన కరెన్ ప్రజల గ్రామాలు ఉన్నాయి. గ్రామంలోకి వెళ్తే ఎవరినైనా అడిగి, వాళ్లు రమ్మన్న ఇంటికే వెళ్లండి. యజమానులు వదిలేసిన పని ఏనుగులు అడవిపాలై తిరిగే ఇంటర్‌వ్యూ దీవి కూడా ఇటువైపే ఉంది కానీ, దానికి అటవీ శాఖ అనుమతి, పడవ, అనుకూల వాతావరణం మూడూ కుదరాలి. పది రోజుల యాత్రలో దాన్ని ఇరికించవద్దు.

8. దిగ్లీపూర్: బసను కాలీపూర్‌లో పెట్టుకోండి

ఆస్టిన్ పాయ మీది చెంగప్ప వంతెన దాటితే ఉత్తర అండమాన్. దిగ్లీపూర్ పట్టణంలో హోటళ్లు ఉన్నా, దానికి సుమారు 20 కిలోమీటర్ల దూరంలో ఉన్న కాలీపూర్ తీరంలో బస చేయడం అన్ని విధాలా మేలు. శాడిల్ పీక్ దారి మొదలయ్యే లామియా బే పక్కనే ఉంటుంది, తాబేళ్ల తీరం నడిచే దూరంలో ఉంటుంది, రాస్–స్మిత్ దీవులకు పడవ ఎక్కే ఏరియల్ బే దారిలోనే తగులుతుంది. కనీసం మూడు రాత్రులు ఉంచుకోండి: ఒకటి దీవులకు, ఒకటి శిఖరానికి, ఒకటి విశ్రాంతికో వానకో.

*రాస్–స్మిత్ దీవులు.* పోర్ట్ బ్లెయిర్ ఎదుట ఉన్న రాస్ దీవి వేరు, ఇది వేరు. మొదటిదాని పేరు 2018లో నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీపంగా మార్చారు. ఇంటర్నెట్‌లో ‘రాస్ ఐలాండ్’ అని వెతికి తప్పు టికెట్ కొన్నవారు ఉన్నారు. ఇక్కడ రెండు దీవులను ఒక ఇసుక దిబ్బ కలుపుతుంది. పోటు వస్తే అది మునిగిపోతుంది. కనుక పట్టిక చూసి, నీరు దిగిపోవడం మొదలైన గంటకు అక్కడికి చేరేలా ఏరియల్ బే నుంచి బయలుదేరాలి. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పోటూ పాటూ రెండూ ఎక్కువే. అనుమతి జెట్టీ దగ్గర తీసుకోవాలి. తాగునీరు వెంట తీసుకెళ్లండి.

*శాడిల్ పీక్.* అండమాన్ దీవుల్లో ఎత్తయిన శిఖరం ఇదే, 732 మీటర్లు. అంకె చూసి తేలిగ్గా తీసుకోవద్దు. సముద్ర మట్టం నుంచి మొదలుపెట్టి ఎక్కడమంటే మొత్తం ఎత్తు మీ కాళ్లదే. ఒకవైపు దారి సుమారు ఎనిమిది కిలోమీటర్లు, రానుపోను ఏడు నుంచి తొమ్మిది గంటలు. మొదటి రెండు మూడు కిలోమీటర్లు తీరం వెంబడి సాఫీగా ఉంటుంది. ఆ తరువాత వేర్లు మెట్లుగా మారిన నిటారు అడవి. చెట్ల కింద గాలి ఆడదు, చెమట ఆరదు.

1. ముందు రోజే అటవీ కార్యాలయంలో అనుమతి, గైడు ఏర్పాటు చేసుకోండి.
2. ఆరు గంటలకల్లా లామియా బే నుంచి నడక మొదలుపెట్టండి.
3. మనిషికి మూడు లీటర్లకు తగ్గకుండా నీరు, రెండు ఓఆర్‌ఎస్ పొట్లాలు, అటుకుల ఉప్మా లేదా పులిహోర వంటి పొడి భోజనం పెట్టుకోండి. దారిలో కనిపించే నీటిని నమ్ముకోవద్దు.
4. గంటకు ఒకసారి ఆగి, దాహం వేయకపోయినా తాగండి.
5. పదకొండున్నర వెనుదిరిగే గడువు. అప్పటికి శిఖరం ఇంకా కనిపించకపోతే ఉన్న చోటి నుంచే దిగడం మొదలుపెట్టాలి. పైకి చేరాక మేఘం కమ్మి ఏమీ కనిపించకపోవడం కూడా మామూలే కనుక, గడువు దాటి ఎక్కినా దక్కేది అనుమానమే.
6. దిగేటప్పుడు మోకాళ్ల మీద భారం పడుతుంది. ఒక కర్ర చేతిలో ఉండాలి.

గుంపులో ఒకరికి తల తిరగడం, చెమట ఆగిపోవడం, మాట తడబడటం కనిపిస్తే అది వడదెబ్బ. నీడలో పడుకోబెట్టి, బట్టలు వదులు చేసి, ఒంటి మీద నీళ్లు పోసి విసరాలి. ఒకరిని గైడుతో సహాయానికి పంపి, మిగిలినవారు రోగి దగ్గరే ఉండాలి. ఆ రోజుకు శిఖరం ముగిసినట్లే.

9. నీటిలో, అడవిలో ప్రమాదాలు

ఉప్పునీటి మొసలి విషయంలో ధైర్యం ప్రదర్శించవద్దు. 2010లో హావ్‌లాక్ దగ్గర ఒక విదేశీ పర్యాటకురాలు మొసలి దాడిలో చనిపోయారు. ఉత్తరాన ఉన్న పాయలు, మడ అడవులు వాటికి ఇంకా అనువైన చోట్లు. హెచ్చరిక బోర్డు ఉన్న తీరంలో, వాగు సముద్రంలో కలిసే చోట, సంధ్యవేళ నీటిలో దిగకూడదు. బోర్డు లేకపోయినా స్థానిక మత్స్యకారులను అడగండి.

ఇసుక ఈగలు కంటికి కనిపించవు గానీ వాటి కాటు వారం రోజులు దురద పెడుతుంది. తీరంలో నేరుగా ఇసుక మీద కూర్చోకుండా దుప్పటి పరచుకోండి; సాయంత్రం కాళ్లకు కొబ్బరినూనె పట్టించి, ఆపైన దోమల మందు రాయండి. కుట్టిన చోట గోకితే పుండు పడుతుంది.

విషపు జెర్రులు బూట్లలో దూరుతాయి, కాబట్టి పొద్దున్నే బూట్లు దులిపి వేసుకోవాలి. పాము కరిస్తే కట్లు కట్టడం, కోయడం, మంత్రాలు వేయించడం వద్దు. కరిచిన అవయవాన్ని కదలకుండా ఉంచి దగ్గరి ఆసుపత్రికి తీసుకెళ్లాలి. రంగత్, మాయాబందర్, దిగ్లీపూర్‌లలో ప్రభుత్వ ఆసుపత్రులు ఉన్నాయి. పెద్ద చికిత్సకు పోర్ట్ బ్లెయిర్‌లోని జీబీ పంత్ ఆసుపత్రికి రావలసిందే. అత్యవసర సంఖ్య 112.

లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం ఇక్కడ ఉంది. ఎలుకల మూత్రం కలిసిన నీరు, బురద ద్వారా వస్తుంది. కాలికి గాయం ఉంటే పొలాల నీటిలో, వాగుల్లో దిగవద్దు.

10. తరచుగా జరిగే పొరపాట్లు, వాటికి విరుగుడు

*కాన్వాయ్ తప్పిపోవడం.* తరువాతిదానికి జిర్కాటాంగ్‌లోనే ఆగండి, నగరానికి వెనుదిరగవద్దు. ఆ రోజు గుహలను వదిలేసి నేరుగా రంగత్ చేరండి. పోయిన సమయాన్ని చీకట్లో వేగంగా నడిపి రాబట్టుకోమని డ్రైవరును ఒత్తిడి చేయకండి.

*మలుపుల్లో వాంతులు.* బయలుదేరడానికి గంట ముందు మాత్ర వేసుకోవాలి. వాంతి మొదలయ్యాక వేసుకుంటే నిలవదు. పిల్లలను ముందు సీటు వెనకే కూర్చోబెట్టండి.

*గవ్వలు, పగడపు ముక్కలు ఏరుకోవడం.* తీరంలో పడి ఉన్నవే కదా అనుకుంటారు. వాటిని తీసుకెళ్లడం నేరం, విమానాశ్రయంలో సామాను స్కాన్‌లో దొరికిపోతాయి. పిల్లల జేబులు కూడా చూసుకోండి.

*రెండు శ్రమ రోజులను పక్కపక్కన పెట్టుకోవడం.* శాడిల్ పీక్ మరునాడు పన్నెండు గంటల బస్సు ప్రయాణం పెట్టుకుంటే మోకాళ్లు క్షమించవు. మధ్యలో ఒక రోజు వదలండి.

*డ్రోన్.* ముందస్తు అనుమతి లేకుండా ఎగరేయవద్దు. ఇది రక్షణ పరంగా సున్నితమైన ప్రాంతం.

11. తిరుగు ప్రయాణం

దిగ్లీపూర్ నుంచి వచ్చిన రోజే విమానం ఎక్కేలా టికెట్ కొనడం ఈ యాత్రలో అత్యంత ఖరీదైన తప్పు. ఓడ ఆలస్యం కావచ్చు, కాన్వాయ్ ఆగవచ్చు, చెట్టు కూలి దారి మూసుకోవచ్చు. పోర్ట్ బ్లెయిర్‌లో ఒక పూర్తి రోజు మిగుల్చుకోండి. అన్నీ సజావుగా సాగితే ఆ రోజు సెల్యులార్ జైలు చూడవచ్చు, లేదా ఏమీ చేయకుండా నిద్రపోవచ్చు.

బయలుదేరే ముందు రాత్రి చూసుకోవలసినవి:

- తడిసిన బట్టలు, బూట్లు ఆరాయా. సంచుల మూలల్లో ఇసుక, గవ్వలు లేవు కదా.
- వెంట తెచ్చిన ప్లాస్టిక్ చెత్త అంతా తిరిగి సంచిలో ఉందా.
- డ్రైవరుకు, గైడుకు ఇవ్వవలసిన బాకీ ఏమైనా మిగిలిందా.

ఇంటికి వచ్చాక నాలుగు వారాల దాకా జ్వరం మీద కన్నేసి ఉంచాలి. చలిజ్వరం, పిక్కల్లో నొప్పి, కళ్లు ఎర్రబడటం వంటివి కనిపిస్తే వీధి చివర దుకాణంలో మాత్ర కొని సరిపెట్టుకోకుండా డాక్టరును కలవండి. నల్లకుంట ఫీవర్ ఆసుపత్రి ఇలాంటి జ్వరాలకు పేరున్న చోటు. అండమాన్‌లో అడవి, వాగు, మడ నేలల్లో తిరిగి వచ్చామని, ఏ తేదీన వచ్చామో మొదటి మాటగా చెప్పండి. మలేరియా, డెంగీ, లెప్టోస్పైరోసిస్ మూడింటికీ రక్తపరీక్ష చేయించవలసి రావచ్చు.